ముందు చక్రాల లెక్క: కోలిన్ చాప్‌మన్ కథ

1947లో లండన్‌లో ఒక సివిల్ స్టూడెంట్ సెకండ్ హ్యాండ్ కార్ల బిజినెస్ చేసేవాడు. పగలు యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ క్లాసులు, ఖాళీ దొరికితే వారెన్ స్ట్రీట్‌లో పాత కార్లు కొనడం, అమ్మడం. పేరు ఆంథొనీ కోలిన్ బ్రూస్ చాప్‌మన్. వయసు 19. యుద్ధం అయిపోయి రెండేళ్లయినా పెట్రోల్ ఇంకా రేషన్ మీదే ఉంది. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం సొంత కార్లకిచ్చే మామూలు రేషన్ కూడా ఆపేసింది. పెట్రోల్ లేకపోతే కారెవడు కొంటాడు? రేట్లు పడిపోయాయి. ఉన్న కార్లన్నీ అయినకాడికి అమ్ముకోగా, ఎవరికీ అక్కర్లేని ఒక్క డొక్కు బండి మిగిలిపోయింది. ఒక పాత ఆస్టిన్ సెవెన్.

మన క్యాంపస్‌లో బాహా కోసం, గో కార్ట్ కోసం వర్క్‌షాప్‌లో రాత్రుళ్లు వెల్డింగ్ చేసేవాళ్లందరూ తెలుసుకోవాల్సిన మనిషి కథ ఈ అమ్ముడుపోని బండితో మొదలవుతుంది. లోటస్ అనే పేరు మీలో చాలామంది గేమ్స్‌లో చూసే ఉంటారు. ఆ కంపెనీ పెట్టింది ఇతనే. కానీ నేను ఇక్కడ చెప్పేది మొత్తం కారు గురించి కాదు. ముందు రెండు చక్రాల గురించి. వాటిని ఛాసిస్‌కి ఎలా తగిలించాలి, ఎలా తిప్పాలి అన్న ఒక్క ప్రశ్న చాప్‌మన్‌తో పాటు జీవితమంతా నడిచింది. పేరూ తెచ్చింది, మచ్చా తెచ్చింది.

చాప్‌మన్ 1928 మే 19న రిచ్‌మండ్‌లో పుట్టాడు. పెరిగింది ఉత్తర లండన్‌లోని హార్న్సీలో. వాళ్ల నాన్న అక్కడ రైల్వే హోటల్ నడిపేవాడు. ఆ మిగిలిపోయిన ఆస్టిన్‌ని చాప్‌మన్ తన గర్ల్‌ఫ్రెండ్ హేజెల్ విలియమ్స్ వాళ్ల ఇంటి వెనకున్న చిన్న గ్యారేజీలోకి తోశాడు. పాత బాడీ మొత్తం పీకేశాడు. ప్లైవుడ్‌కి అల్యూమినియం రేకు అతికించి కొత్త బాడీ కట్టాడు. క్లాసులో చదివిన దూలాలు, ట్రస్సుల లెక్కలు ఇక్కడ పనికొచ్చాయి. బాడీ అంటే పైన కప్పే రేకు మాత్రమే కాదు, అది కూడా బరువు మోయాలి అన్నది అతని ఆలోచన. 1948లో తయారైన ఆ బండే మొదటి లోటస్. కొండల మీద, బురదలో నడిపే ట్రయల్స్ పోటీలకి దాన్ని తీసుకెళ్లాడు.

ఇప్పుడు ముందు చక్రాల దగ్గరికొద్దాం.

మా రావికమతం వైపు ఎడ్లబండి చూసినవాళ్లకి ఇరుసు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. రెండు చక్రాలకీ కలిపి ఒకటే ఇరుసు. ఒక చక్రం రాయెక్కితే బండి మొత్తం పక్కకి ఒరుగుతుంది, రెండో చక్రం కూడా వాలుతుంది. పాత కార్ల ముందు భాగం కూడా దాదాపు ఇంతే. ఒక ఇనుప బీమ్, దాని మీద కమాన్ కట్ట. గట్టిగానే ఉంటుంది, చవక కూడా. కానీ ఒక చక్రానికి తగిలిన దెబ్బ రెండోదానికీ పోతుంది. స్పీడులో మలుపు తిరుగుతుంటే టైరు రోడ్డుని సరిగ్గా పట్టుకోదు.

ఖరీదైన కార్లలో అప్పటికే ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడే సస్పెన్షన్ ఉంది. డబ్బుల్లేని కుర్రాళ్లు ఏం చేయాలి? అప్పట్లో ఇంగ్లండ్‌లో ఇంట్లో కార్లు కట్టుకునేవాళ్లకి ఒక చిట్కా తెలుసు. ఫోర్డ్ బీమ్ యాక్సిల్‌ని సరిగ్గా మధ్యకి కోసేయడమే. రెండు ముక్కల్నీ ఛాసిస్ మధ్యలో పివట్ పెట్టి తగిలిస్తే, తలుపు బందు మీద ఆడినట్టు ఏ ముక్క ఆ ముక్క పైకీ కిందకీ ఆడుతుంది. కొత్త పార్టు కొనక్కర్లేదు, రంపం ఉంటే చాలు. చాప్‌మన్ 1952లో మార్క్ సిక్స్ అనే కారుకి ఇదే పెట్టాడు. కమాన్ కట్ట తీసేసి, కాయిల్ స్ప్రింగ్ లోపల షాక్ అబ్జార్బర్ ఉండే యూనిట్లు వేశాడు. ఛాసిస్ అంతా సన్నటి స్టీల్ గొట్టాలతో, త్రికోణాలుగా వెల్డ్ చేసిన ఫ్రేము.

ఆ ఏడాది జనవరి 1నే మైఖేల్ అలెన్‌తో కలిసి లోటస్ ఇంజనీరింగ్ పెట్టాడు. పెట్టుబడికి హేజెల్ సాయం చేసింది. షెడ్ ఎక్కడంటే, నాన్న హోటల్ వెనక ఒకప్పుడు గుర్రాలు కట్టేసిన శాలలో. పగలు బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఉద్యోగం, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా కార్లు. జీతం లేకుండా సాయంత్రాలు వచ్చి పనిచేసే కుర్రాళ్లు కొంతమంది చేరారు. తర్వాత వరల్డ్ ఛాంపియన్ అయిన గ్రహమ్ హిల్ కూడా లోటస్‌లో మెకానిక్‌గానే మొదలుపెట్టాడు. 1954లో చాప్‌మన్, హేజెల్ పెళ్లి చేసుకున్నారు. మరుసటేడు అతను ఉద్యోగం మానేశాడు.

మార్క్ సిక్స్ అమ్మిన పద్ధతే అసలు విశేషం. అప్పట్లో బ్రిటన్‌లో కొత్త కారు కొంటే ధర మీద భారీగా పర్చేజ్ ట్యాక్స్ పడేది. విడి భాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. అందుకే చాప్‌మన్ కారు అమ్మలేదు, కిట్ అమ్మాడు. ఫ్రేము, బాడీ, సస్పెన్షన్ ముక్కలు అతనిస్తాడు. ఇంజన్, గేర్‌బాక్స్ లాంటివి కొన్నవాడు పాత ఫోర్డ్‌లోంచి తెచ్చుకోవాలి. తర్వాత వచ్చిన సెవెన్ మోడల్ గురించి ఒక సరదా సంగతి చెప్తారు. ఎలా బిగించాలో రాసిన కాగితం కిట్‌తో ఇవ్వకూడదని రూలు ఉండేదట. ఎలా విప్పాలో రాసిన కాగితం ఇవ్వకూడదని మాత్రం ఎక్కడా లేదు. కాబట్టి విప్పే పద్ధతి రాసిచ్చేవారు. కొన్నవాడు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుని బిగించుకునేవాడు.

ఇక్కడ మన వైపు ఒకసారి చూడాలి. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పుట్టిన జి.డి. నాయుడు మీకు గుర్తుండాలి. 1893లో కలంగల్ అనే ఊళ్లో పుట్టాడు, పెద్దగా చదువుకోలేదు. ఒక ఇంగ్లీషు ఆఫీసరు మోటార్‌సైకిల్ చూసి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొని, మొత్తం విప్పి మళ్లీ బిగించి మెకానిక్ అయ్యాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సు కంపెనీ కట్టాడు. చాప్‌మన్ కంపెనీ పెట్టిన అదే 1952లో నాయుడు 2,000 రూపాయలకి ఇవ్వగలిగే రెండు సీట్ల పెట్రోల్ కారు తయారుచేశాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు అక్కడే ఆగిపోయింది. లండన్ కుర్రాడికి పన్ను రూల్లో ఒక కన్నం దొరికింది, మన పెద్దాయనకి అసలు తలుపే తెరవలేదు. ఇద్దరి తెలివిలో తేడా వెతకడం కంటే ముందు ఈ తేడా చూడాలి అనిపిస్తుంది నాకు.

మళ్లీ లండన్‌కి. కోసిన యాక్సిల్‌తో వచ్చిన తిప్పలు చాప్‌మన్‌కి త్వరగానే తెలిశాయి. చక్రం పైకి లేచినప్పుడల్లా అది నిటారుగా ఉండదు, పై అంచు లోపలికో బయటికో వాలుతుంది. అంటే క్యాంబర్ మారిపోతుంది. సైకిల్ చక్రం విప్పి, ఇరుసు రెండు చేతులతో పట్టుకుని గిర్రున తిప్పి, పక్కకి వాల్చి చూడండి. అది వాలకుండా పక్కకి తిరగడానికి గుంజుతుంది. సెకండియర్‌లో చదివిన గైరోస్కోప్ అదే. గుంత వచ్చినప్పుడల్లా ముందు చక్రం వాలితే, ఆ గుంజుడు స్టీరింగ్‌లోకి వచ్చి డ్రైవర్ చేతులకి తగులుతుంది.

ఇంకో తిప్ప టై రాడ్‌ది. స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే ఆ కడ్డీ కూడా ఒక చివర పట్టుకుని వలయంగా ఆడుతుంది. సస్పెన్షన్ ఆడే వలయం, టై రాడ్ ఆడే వలయం రెండూ కలిసి రావాలి. కలవకపోతే మనం స్టీరింగ్ కదపకపోయినా, చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా తనంతట తనే తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. తిన్నటి రోడ్డు మీద పెద్దగా తెలీదు. నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాట్ దిగేటప్పుడు అలాంటి బండిలో కూర్చుంటే తెలుస్తుంది.

1956, 57లో తన మొదటి సింగిల్ సీటర్ లోటస్ ట్వెల్వ్ కోసం చాప్‌మన్ కోసిన యాక్సిల్‌ని వదిలేశాడు. కింద ఒక విష్‌బోన్, పైన ఒకటి. పైది పొట్టిగా, కిందది పొడుగ్గా. మలుపులో కారు ఒరిగినా బయటి టైరు దాదాపు నిటారుగా రోడ్డుని పట్టుకునేలా ఆ పొడవులు చూసుకున్నాడు. ఇదంతా వేరేవాళ్లకీ తెలిసిందే. చాప్‌మన్ తనదైన పని ఇంకొకటి చేశాడు. విష్‌బోన్‌కి రెండు కాళ్లుండాలి. ఒకటి చక్రాన్ని పక్కకి జరక్కుండా పట్టుకోవాలి, రెండోది బ్రేకు వేసినప్పుడు వెనక్కి పోకుండా ఆపాలి. కారు ఒరగకుండా ఎలాగూ ముందు అడ్డంగా ఒక యాంటీ రోల్ బార్ ఉంటుంది కదా, దాని చివరల్నే పై విష్‌బోన్‌కి ముందు కాలుగా వాడేశాడు. ఒక ముక్క, రెండు పనులు. రెండు ఇనుప కడ్డీల బరువు, ఖర్చు మిగిలింది.

1957లో వచ్చిన లోటస్ సెవెన్‌కి కూడా ఈ ముందు భాగమే పెట్టాడు. చక్రాన్ని మోసే అప్‌రైట్‌లు స్టాండర్డ్ కంపెనీ చిన్న కార్లవి. స్టీరింగ్ సామాను కూడా ఆ కాలపు కుటుంబ కార్లదే. అంటే ఊళ్లో ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా దొరికేవి. కారు మొత్తం బరువు అర టన్ను లేదు. తలుపుల్లేవు, సౌకర్యాల్లేవు. గుమస్తాలు, టీచర్లు, కాలేజీ కుర్రాళ్లు కూడా కొని, ఇంటి గ్యారేజీలో బిగించుకుని, శనివారం దాంతోనే రేసుకి వెళ్లి, సోమవారం దాంట్లోనే పనికి పోగలిగే బండి అది.

ఆ ఇళ్లల్లో ముందు భాగం సెట్ చేయడమే అన్నిటికన్నా ఓపిక కావలసిన పని. ఇప్పటికీ మన కార్ట్‌కి వరస అదే. ముందు డ్రైవర్ బరువు సీట్లో పెట్టి, కారుని చక్రాల మీద నిలబెట్టాలి. రబ్బరు బుష్‌ల బోల్టులు ఆ ఎత్తులోనే ఫైనల్‌గా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దింపాక రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. తర్వాత క్యాస్టర్, ఆ తర్వాత క్యాంబర్, చివర్న టో. ఈ వరస ఎందుకంటే పై రెండిట్లో ఏది మార్చినా టో మారిపోతుంది. స్టీరింగ్ ర్యాక్ సరిగ్గా మధ్యలో ఉంచి, రెండు టై రాడ్‌లనీ సమానంగా తిప్పాలి. టో చూడ్డానికి లేజర్ మెషిన్ అక్కర్లేదు. కారు రెండు పక్కలా ఛాసిస్‌కి సమాంతరంగా దారం లాగి కట్టి, రిమ్ ముందు అంచుకీ వెనక అంచుకీ దూరం స్కేలుతో కొలిస్తే చాలు. బంప్ స్టీర్ చూడాలంటే స్ప్రింగ్ తీసేసి, జాకీతో చక్రాన్ని పైకీ కిందకీ ఆడిస్తూ ప్రతి సెంటీమీటరుకీ టో రాసుకోవాలి. అంకెలు మారుతుంటే ర్యాక్ ఎత్తు తప్పు, లేదా టై రాడ్ పొడవు తప్పు. ఎక్కడ తప్పో ఆ కాగితమే చెప్తుంది.

ఇక కథలో బరువైన భాగం.

1958లో లోటస్ ఫార్ములా వన్‌లోకి వచ్చింది. 1960 మే నెలలో మొనాకోలో స్టిర్లింగ్ మాస్ ఒక ప్రైవేటు టీమ్ కొన్న లోటస్‌తో గెలిచాడు. లోటస్ కారుకి అదే మొదటి గ్రాండ్ ప్రీ విజయం. మూడు వారాలకి బెల్జియంలోని స్పాలో ప్రాక్టీస్. మాస్ కారుకి వెనక చక్రం ఊడిపోయింది, అతని కాళ్లు విరిగాయి. అదే రోజు మైక్ టేలర్ అనే కుర్రాడి లోటస్‌లో స్టీరింగ్ కాలమ్ విరిగింది. చేతుల్లో స్టీరింగ్ ఉంది, దానికీ చక్రాలకీ సంబంధం లేదు. కారు చెట్లలోకి దూసుకుపోయింది. ప్రాణం దక్కింది గానీ అతని రేసింగ్ అక్కడితో ముగిసింది. టేలర్ లోటస్ మీద కేసు వేసి గెలిచాడు.

విజయాలు మాత్రం ఆగలేదు. 1962లో చాప్‌మన్ గొట్టాల ఫ్రేము వదిలేసి, విమానం లాగా రేకుల తొట్టినే ఛాసిస్‌గా చేసి లోటస్ 25 తెచ్చాడు. జిమ్ క్లార్క్ 1963లో, 1965లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. 1965లోనే ఇండియానాపొలిస్ 500 కూడా గెలిచాడు. 1966లో కంపెనీ నార్ఫోక్‌లోని హెథెల్‌కి, పాత యుద్ధ విమానాశ్రయానికి మారింది. 1967లో లోటస్ 49లో ఇంజన్‌నే ఛాసిస్‌లో భాగం చేశాడు. వెనక సస్పెన్షన్ నేరుగా ఇంజన్, గేర్‌బాక్స్‌ల మీదే. మళ్లీ అదే సూత్రం, ఒక ముక్క, రెండు పనులు. 1968 ఏప్రిల్ 7న హాకెన్‌హైమ్‌లో జిమ్ క్లార్క్ లోటస్‌లోనే చనిపోయాడు. అతను చాప్‌మన్‌కి డ్రైవర్ కంటే ఎక్కువ, దగ్గరి స్నేహితుడు. చాప్‌మన్ దాన్నుంచి తేరుకోవడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత యోకెన్ రింట్ వచ్చాడు. లోటస్ కార్లు ఎంత వేగమో అంత నాజూకు అని అతనికి తెలుసు. వేగం ఎలాగూ ఉంది కాబట్టి, కొన్ని కిలోలు పెరిగినా ఫర్వాలేదు, బలహీనమైన చోట్ల కాస్త గట్టి చేయమని చాప్‌మన్‌కి ఉత్తరమే రాశాడు.

1970లో వచ్చిన లోటస్ 72లో ముందు బ్రేకులు చక్రంలో ఉండవు. వాటిని లోపలికి, ఛాసిస్ దగ్గరికి జరిపాడు చాప్‌మన్. ఎందుకంటే స్ప్రింగుకి అవతల చక్రంతో పాటు ఊగే బరువు ఎంత తగ్గితే, టైరు రోడ్డుని అంత బాగా అంటిపెట్టుకుంటుంది. ఐడియా గొప్పదే. కానీ చక్రాన్ని ఆపే బలమంతా ఇప్పుడు ఒక షాఫ్ట్ మీదుగా పోవాలి. 1970 సెప్టెంబర్ 5న మోంజాలో ప్రాక్టీస్‌లో బ్రేకు వేసే చోట రింట్ కారుకి కుడి ముందు బ్రేక్ షాఫ్ట్ విరిగింది. కారు పక్కకి తిరిగి, సరిగ్గా బిగించని గార్డ్ రెయిల్‌ని గుద్దింది. రింట్ చనిపోయాడు. అప్పటికే అతనికున్న పాయింట్లని ఆ ఏడాది చివరిదాకా ఎవరూ దాటలేకపోయారు. చనిపోయాక వరల్డ్ ఛాంపియన్ అయిన డ్రైవర్ ఇప్పటికీ అతనొక్కడే.

చాప్‌మన్‌ని మేధావి అనేవాళ్లూ, మనుషుల ప్రాణాలతో ఆడుకున్నాడు అనేవాళ్లూ ఇక్కడే విడిపోతారు. ఆ కాలంలో అందరి కార్లలోనూ డ్రైవర్లు చనిపోయారు, సర్క్యూట్లే ప్రమాదకరంగా ఉండేవి. అది నిజమే. కానీ ఒక విషయం లెక్కలోనే ఉంది. ఒక ముక్క రెండు పనులు చేస్తుంటే, అది విరిగినప్పుడు రెండు పనులూ ఒకేసారి పోతాయి. బరువు తగ్గించడానికి ఇద్దరి పనిని ఒకరికి అప్పగించినప్పుడు, ఆ ఒక్కరి బలం ఎంతో రెండుసార్లు చూసుకోవాలి. చాప్‌మన్‌కి మొదటి సగం ఎంత బాగా వచ్చో రెండో సగంలో అంత ఓపిక లేదు అన్నది నా అభిప్రాయం. పెన్సిల్‌తో గీత గీసేవాడు ఒకడు, ఆ గీత మీద కూర్చుని గంటకి 300 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడు ఇంకొకడు. రింట్ అడిగింది కొన్ని కిలోలే.

1978లో మారియో ఆండ్రెట్టి లోటస్ 79తో ఛాంపియన్ అయ్యాడు. కారు కింద గాలితోనే రోడ్డుకి అతుక్కునేలా చేసిన డిజైన్ అది. మొత్తం ఏడుసార్లు లోటస్ కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ గెలిచింది. చివరి రోజులు మాత్రం బాగా లేవు. డిలోరియన్ కారు డిజైన్ చేయడానికి తీసుకున్న డబ్బు ఎటు పోయిందన్న గొడవ చుట్టుముట్టింది. 1982 డిసెంబర్ 16న గుండెపోటుతో చాప్‌మన్ చనిపోయాడు. 54 ఏళ్లే. ఆ కేసులో లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఫ్రెడ్ బుషెల్ తర్వాత జైలుకెళ్లాడు.

అన్నిటికన్నా ఎక్కువ కాలం బతికింది ఆ చిన్న సెవెన్. 1973లో పర్చేజ్ ట్యాక్స్ పోయి వ్యాట్ వచ్చింది, కిట్‌కున్న పన్ను లాభం పోయింది. అదే ఏడాది దాన్ని తయారుచేసే హక్కులు కేటర్‌హామ్ కంపెనీకి వెళ్లాయి. పన్ను లాభం లేకపోయినా జనం ఇవాళ్టికీ దాన్ని కిట్‌గా కొని ఇంట్లో బిగించుకుంటున్నారు. చేత్తో కట్టుకున్న బండిలో ఉన్న సంతోషం పన్నుతో వచ్చింది కాదు కదా.

మన వర్క్‌షాప్‌లో కార్ట్ కట్టే జూనియర్స్‌కి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. బరువు తగ్గించండి, పాయింట్లు వస్తాయి. చాప్‌మన్ లాగా ప్రతి ముక్కనీ పట్టుకుని ఇంకో పని కూడా చేస్తావా అని అడగండి. కానీ టై రాడ్, స్టీరింగ్ కాలమ్, బ్రేకు, వీటి దగ్గరికి వచ్చేసరికి ఆగండి. వెల్డ్‌ని ఇంకొకరితో చెక్ చేయించండి, లాక్ నట్ మీద పెయింట్ గీత పెట్టండి, టెస్ట్ రన్ తర్వాత ఆ గీత కదిలిందేమో చూడండి. ఆ కొన్ని గ్రాముల బరువు ఉండనివ్వండి. ట్రాక్ మీద ఆ సీట్లో కూర్చునేది మన క్లాస్‌మేటే.